మా నాయనమ్మ బైబిల్లో ‘సాటి’ అన్న మాట

   

పోయిన నెల మా ఊళ్లో పెళ్లికెళ్లాను. బంతిలో నా పక్కన కూర్చున్న పెద్దావిడ పప్పన్నం కలుపుకుంటూ అడిగింది, “ఏం చదువుతున్నావమ్మా?” అని.

“బీడీ అండీ.”

“బీఈడీయా! మంచిదే తల్లీ. డీఎస్సీ పడితే గవర్నమెంటు ఉద్యోగం.”

“బీఈడీ కాదండీ, బీడీ.”

ఆవిడ చెయ్యి ఆగిపోయింది. ఎదురు బంతిలో ఎవరో కుర్రాడు “చుట్టేదా, కాల్చేదా?” అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నాలుగేళ్లుగా వింటున్న జోకే మరి, కోపం ఎప్పుడో అరిగిపోయింది. బీడీ అంటే బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ అనీ, క్రైస్తవ దైవశాస్త్రం అనీ, బైబిలూ సంఘ చరిత్రా వగైరా చదువుతామనీ చెప్పాను. ఆవిడ ముఖం విప్పారింది. “ఓహో, అయితే పాస్టరమ్మవి అవుతావన్నమాట! పాస్టరు సంబంధం చూశారా ఏంటి మీవాళ్లు?”

చూశారా! మన భాషలో ‘పాస్టరమ్మ’ అంటే పాస్టరుగారి భార్య. టీచరమ్మ అంటే పాఠం చెప్పే ఆవిడ, డాక్టరమ్మ అంటే సూది వేసే ఆవిడ. పాస్టరమ్మ మాత్రం పాస్టరును పెళ్లాడిన ఆవిడ! అంత చదువు చదివి నేను ప్రసంగం చెప్పే మనిషినైతే నన్ను పిలవడానికి మన ఊళ్లో మాట లేదు. ఆయన్ను అయ్యగారంటారు, ఆవిడను అమ్మగారంటారు. నాలాంటిదాన్ని ఏమనాలో ఇంకా ఎవరికీ తోచలేదు.

సరే, అసలీ చదువేమిటో చెప్తాను. నేను చదివేది హైదరాబాదులోనే అయినా పట్టా ఇచ్చేది బెంగాల్లోని సెరంపూర్. హుగ్లీ నది ఒడ్డున 1818లో విలియం కేరీ, జాషువా మార్ష్‌మన్, విలియం వార్డ్ అని ముగ్గురు మిషనరీలు కాలేజీ పెట్టారు. అప్పుడా ఊరు ఇంగ్లీషువాళ్లది కాదు, డెన్మార్కు వాళ్లది. 1827లో డెన్మార్కు రాజు ఆరో ఫ్రెడరిక్ ఆ కాలేజీకి పట్టాలిచ్చే అధికారం రాసిచ్చాడు. ఇవాళ్టికీ దేశంలో చాలా దైవశాస్త్ర కళాశాలలు ఆ గొడుగు కిందే నడుస్తున్నాయి. ఇంకో సంగతి: అదే సెరంపూర్ నుంచి 1814లో కేరీ తెలుగు వ్యాకరణం అచ్చయింది. బ్రౌనుదొర వ్యాకరణం 1840లో కదా వచ్చింది. అంతకు పాతికేళ్ల ముందే మన ఒత్తులూ గుణింతాలూ హుగ్లీ గట్టున సీసం అక్షరాలయ్యాయి. అది చదివిన రోజు, నేను పరాయి చోట చేరలేదులే అనిపించింది.

నేనెందుకు చేరానంటారా? ఒంగోల్లో డిగ్రీ అయిపోయింది. బ్యాంకు పరీక్షలు రాస్తున్నాను. మాది నాలుగు తరాల బాప్టిస్టు కుటుంబం. నాన్న బడి పంతులు. చిన్నప్పటి నుంచి సండే స్కూల్లో ప్రశ్నలడిగే పిల్లనని పేరు. కయీను పెళ్లాం ఎక్కణ్నుంచి వచ్చింది, నోవహు ఓడలో పేడ ఎవరు ఎత్తారు అని అడిగేదాన్ని. “అట్టాంటివి అడగకూడదమ్మా” అనేవాళ్లు. అడగొచ్చని చెప్పే చోటు ఒకటుందని తెలిసి దరఖాస్తు పెట్టాను. అమ్మ రెండు రోజులు అన్నం మానేసింది. “ఆడపిల్లకి ఆ చదువెందుకు, రేపు ఎవరు చేసుకుంటారు?” అని. నాన్న ఏమీ అనలేదు, అది ఇంకా కష్టం. ఒక్క నాయనమ్మే, “పోనీయండ్రా, మంచి పుస్తకమేగా చదువుతానంటంది” అంది.

మా నాయనమ్మ సంగతి చెప్పాలి మీకు. బడి మెట్టు ఎక్కలేదు. పెళ్లయి వచ్చాక, లాంతరు పెట్టుకుని ఇంటింటికీ వచ్చే బైబిలు స్త్రీల దగ్గర అక్షరాలు దిద్దుకుంది. ఆవిడ జీవితంలో చదివింది రెండే పుస్తకాలు, బైబిలూ పాటల పుస్తకమూ. ఆ బైబిలుకు పాత నేత చీర ముక్కతో గలీబు కుట్టింది. మధ్యలో కరెంటు బిల్లులు, తాతయ్య పింఛను కాగితం, ఎవరో ఇచ్చిన పెళ్లి కార్డు. వేలు పెట్టి, పెదాలు కదుపుతూ, కూడబలుక్కుంటూ చదువుతుంది. తెల్లవారుజామున 121వ కీర్తన మాత్రం చూడనక్కర్లేదు. పాలు కాగేలోపు అప్పజెప్పేస్తుంది.

అలాంటి ఇంటి నుంచి వెళ్లినదాన్ని, మొదటి సంవత్సరం పాత నిబంధన క్లాసులో కూర్చున్నాను. ఆదికాండం మొదటి అధ్యాయంలో మొక్కలు, జంతువులు అయ్యాక ఆఖరున మనుషులు, ఆడా మగా కలిసి. రెండో అధ్యాయానికి వచ్చేసరికి ముందు మనిషి, తర్వాత చెట్లు, ఆ తర్వాత జంతువులు, చివరికి స్త్రీ. “ఇవి రెండు కథలు, రెండు కాలాల నాటివి” అన్నారు సారు. ఇంకో రోజు, మోషే రాశాడని మనం అనుకునే అయిదు కాండాల్లో చివరిదాని చివర మోషే చావు, సమాధి సంగతి ఉన్నాయి, ఆయన తన చావు తనే రాసుకున్నాడా అన్నారు. చిన్నప్పుడు కయీను పెళ్లాం గురించి అడిగినదాన్ని నేనే. కానీ ప్రశ్న నేను అడిగితే ఒకలా ఉంది, పంతులు అడిగితే ఇంకోలా ఉంది. కాళ్ల కింద మెట్టు జరిగినట్టయింది.

ఆ రాత్రి హాస్టల్లో నా గది పిల్ల దుప్పటి కప్పుకుని ఏడ్చింది. “మా నాన్న వడ్డీకి తెచ్చి పంపాడే, దేవుణ్ని పోగొట్టుకు రమ్మనా?” అంది. నాకూ ఏడుపొచ్చింది. కానీ ఇద్దరం ఏడిస్తే టీ ఎవరు పెడతారని లేచాను.

ఇక్కడ ఒక మాట. మీలో చాలామంది ఇది అనుభవించే ఉంటారు, దైవశాస్త్రంలో కాకపోయినా. అమ్మ చెప్పిన ఏదో కథ, నాన్న గురించి మనకున్న ఏదో నమ్మకం, పెద్దయ్యాక చూస్తే అచ్చం అలా ఉండదు. అప్పుడు రెండు రకాల మనుషులం అవుతాం. అంతా అబద్ధమని విసిరికొట్టేవాళ్లం ఒక రకం. కళ్లు మూసుకుని ఏమీ వినలేదనుకునేవాళ్లం ఇంకో రకం. మా క్లాసులోనూ ఈ రెండు రకాలూ ఉన్నారు. నేను మొదటి ఆరు నెలలూ పొద్దున ఒక రకంగా, రాత్రి ఇంకో రకంగా ఉన్నాను.

దీన్నుంచి నన్ను బయట పడేసింది ఏ పండితుడూ కాదు, మా నాయనమ్మ.

వేసవి సెలవులకు ఇంటికెళ్లాను. మధ్యాహ్నం అరుగు మీద ఆవిడ చాటలో కందిపప్పు పోసుకుని రాళ్లేరుతోంది. నేను పక్కన కూర్చుని, మనసులో గుచ్చుకుంటున్న సంగతి చెప్పేశాను. మార్కు సువార్త పాత చేతిరాత ప్రతులు రెండున్నాయి, నాలుగో శతాబ్దం నాటివి, ఒకటి సైనాయిటికస్, ఇంకోటి వాటికనస్. ఆ రెండింట్లోనూ కథ పదహారో అధ్యాయం ఎనిమిదో వచనంతో ఆగిపోతుంది. ఆదివారం తెల్లవారి సమాధి దగ్గరకు వెళ్లిన ఆడవాళ్లు వణికిపోయి పారిపోయారు, భయంతో ఎవరికీ ఏమీ చెప్పలేదు. అంతే! తర్వాత మనం చదివే పన్నెండు వచనాలు ఆ ప్రతుల్లో లేవు, తర్వాత ఎవరో చేర్చారని ఎక్కువ మంది పండితుల మాట. ఇది చెప్పి, ఆవిడ ఏమంటుందోనని బిక్కుబిక్కుమంటూ చూశాను.

నాయనమ్మ చేతిలోని రాయి అవతల పారేసింది. “ఎవురికీ చెప్పలేదని రాసుందా?” అంది.

“అక్కడితో అయిపోయింది నాయనమ్మా.”

“పిచ్చిపిల్లా, ఎవురికీ చెప్పకపోతే రాసినాయనకి ఎట్టా తెలిసింది? మనదాకా ఎట్టా వొచ్చింది? భయం తగ్గాక ఎవురో ఒకావిడ చెప్పే ఉంటది. ఆడోళ్లం ఎన్నాళ్లు కడుపులో పెట్టుకుంటాం?” అని మళ్లీ చాట చెరిగింది.

తర్వాతి సంవత్సరం లైబ్రరీలో మార్కు ముగింపు మీద వచ్చిన వ్యాఖ్యానాలు చదివాను. అక్కడ కావాలనే ఆపాడని కొందరు, చివరి ఆకు పోయిందని కొందరు. కావాలనే ఆపాడన్నవాళ్లు ఏమంటారంటే, చదివేవాళ్లే ఆ మిగిలిన మాట చెప్పాలని రచయిత వాళ్ల చేతిలో పెట్టాడట. పేజీలకు పేజీలు చదివితే తేలింది మా నాయనమ్మ కందిపప్పు ఏరుతూ చెప్పిన మాటే! ఆ రోజు నుంచి నాకు చదువంటే భయం పోయింది. ఇన్నాళ్లూ నాయనమ్మ విశ్వాసానికీ నా చదువుకూ పోటీ అనుకున్నాను. ఆవిడ అడిగే తీరులోనే పాఠం ఉంది. నేను చదువుతున్నది ఆవిడ చదివిన పుస్తకమే, కాకపోతే ఇంకా నెమ్మదిగా.

నెమ్మదిగా చదవడమంటే ఏమిటో చెప్తాను. మాకు హీబ్రూ, గ్రీకు ఉంటాయి. హీబ్రూ కుడి నుంచి ఎడమకు రాయాలి. మొదట్లో నా నోటుపుస్తకం చూస్తే కోడి గీరినట్టుండేది. ఆదికాండం రెండో అధ్యాయంలో ఆదాము ఒంటరిగా ఉన్నాడని దేవుడు స్త్రీని చేసే చోటుంది కదా. పెళ్లిళ్లలో ప్రతి అయ్యగారూ చదివేదే. అక్కడ హీబ్రూలో రెండు మాటలున్నాయి. ఒకటి ‘ఏజెర్’, అంటే సహాయం. రెండోది ‘కెనెగ్దో’, అంటే ఎదురుగా నిలిచేది, సరిసమానమైనది. తెలుగు బైబిలు మొదటిదానికి సహాయం అంది, రెండోదానికి ‘సాటి’ అంది. ఎంత చక్కటి మాటండీ! సాటి అంటే మనకు తెలీదా? సాటివాడు, సాటిలేనిది, సాటి మనిషి. ఈ మాట వెతికి పెట్టిన అనువాదకులకు దణ్ణం పెట్టాలి.

మరి ఇన్ని పెళ్లిళ్లకు వెళ్లాను, ఇన్ని ప్రసంగాలు విన్నాను. ‘సహాయం’ మీద అరగంట చెప్తారు. భర్తకు వండిపెట్టడం, అత్తమామలను చూసుకోవడం, నోరు మెదపకపోవడం అన్నీ ఆ సహాయంలోకే వస్తాయి. ‘సాటి’ని మాత్రం గబుక్కున దాటేస్తారు, వీధిలో అప్పులవాడు ఎదురైనట్టు.

పోనీ, సహాయం అన్నా తక్కువదా? ఆ హీబ్రూ మాట పాత నిబంధనలో 21 సార్లు వస్తే, ఎక్కువ సార్లు దేవుడు మనిషికి చేసే సాయం గురించే. నాయనమ్మ పాలు కాచేటప్పుడు చెప్పే 121వ కీర్తనలోనూ అదే మాట, తెలుగులోనూ అదే ‘సహాయం’. దేవుడు చేస్తే ఆదుకోవడం, ఆడది చేస్తే అంట్లు తోమడం! మాట ఒకటే, మన చెవే రెండు రకాలుగా వింటోంది.

గ్రీకులోనూ ఇలాంటిదే తగిలింది. రోమీయులకు రాసిన పత్రిక చివర పౌలు ఫీబే అనే ఆవిడను పరిచయం చేస్తాడు. కెంక్రేయ సంఘానికి ఆవిడ ‘దియాకొనోస్’ అంటాడు. ఆ ఉత్తరాన్ని రోముకు మోసుకెళ్లింది ఆవిడేనని చాలామంది పండితుల అభిప్రాయం. ఇదే మాటను పౌలు కొరింథీయులకు రాసినప్పుడు తనకూ, తోటి బోధకుడు అపొల్లోకూ వాడుకున్నాడు. 1611 నాటి ఇంగ్లీషు కింగ్ జేమ్స్ బైబిలు ఏం చేసిందో తెలుసా? పౌలు దగ్గర ‘మినిస్టర్’ అని, ఫీబే దగ్గర ‘సర్వెంట్’ అని రాసింది. మన తెలుగు బైబిలు మాత్రం అలా చెయ్యలేదు. వాళ్లిద్దరూ ‘పరిచారకులు’, ఈవిడ ‘పరిచారకురాలు’. ఒకే మాట, లింగం మాత్రం మార్చింది. ఎంత నిజాయితీ! అయినా చదివేటప్పుడు మనం పరిచారకుడంటే దేవుని సేవకుడు, గొప్ప హోదా అనుకుంటాం. పరిచారకురాలంటే గిన్నెలు కడిగే ఆవిడ అనుకుంటాం. తెలుగు బైబిలు ఏదీ దాచలేదమ్మా. మనమే విన్లేదు.

అదే అధ్యాయంలో యూనీయ అని ఇంకో పేరుంది. అపొస్తలుల్లో ప్రసిద్ధి పొందిన మనిషిగా పౌలు మెచ్చుకుంటాడు. నాలుగో శతాబ్దపు గొప్ప ప్రసంగికుడు జాన్ క్రిసొస్తొమ్ ఆవిడ స్త్రీ అనే అనుకుని పొగిడాడు. తర్వాత కాలంలో చాలామంది వ్యాఖ్యాతలకు అపొస్తలుల మధ్య ఆడమనిషి అంటే గొంతు దిగలేదు, పేరును మగపేరు చేశారు. మళ్లీ ఆవిడను ఆవిడగా చెయ్యడానికి వందల ఏళ్లు పట్టింది.

“అంతా బాగుంది గానీ పిల్లా, స్త్రీలు సంఘంలో మౌనంగా ఉండాలని కూడా పౌలే రాశాడుగా?” అని మీలో చర్చికెళ్లే అక్కలు అడుగుతారు. అడగాల్సిందే. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పద్నాలుగో అధ్యాయంలో ఉంది. కానీ అదే ఉత్తరం పదకొండో అధ్యాయంలో, స్త్రీలు ప్రార్థన చేసేటప్పుడు, ప్రవచించేటప్పుడు తల ఎలా కప్పుకోవాలో చెప్పాడు. నోరే తెరవకూడని మనిషికి ప్రవచించేటప్పుడు ముసుగు సంగతెందుకు? పైగా కొన్ని పాత ప్రతుల్లో ఆ మౌనం వచనాలు ఉన్న చోట ఉండకుండా అధ్యాయం చివరకు జరిగి ఉన్నాయి. అందుకే అవి పక్కన ఎవరో రాసుకున్న మాటలు కావచ్చని కొందరంటారు, కాదని కొందరంటారు. తిమోతికి రాసిన పత్రికలోనూ ఒక కటువైన మాట ఉంది, దాన్ని నేను కప్పిపుచ్చను. అన్నీ సర్దుకుపోయాయని చెప్తే అబద్ధమవుతుంది. నేను చెప్పేది ఇంతే: మౌనం వచనం పట్టుకున్నంత గట్టిగా ప్రవచించే వచనాన్నీ పట్టుకోండి.

ఇక నా కష్టం ఒకటి చెప్పుకోవాలి. ఆదివారాలు మమ్మల్ని చర్చిలకు పంపుతారు, పని నేర్చుకోవడానికి. నన్ను పంపిన ఒక చర్చిలో ఏడాదంతా సండే స్కూలు, పాటల జట్టు, పండక్కి రంగు కాగితాలు అతికించడం. నాతో పాటు వచ్చిన అబ్బాయి నాకంటే ఒక క్లాసు కింద. వాడు రెండో నెలలోనే, మూడు మెట్ల పైన ప్రసంగం చెప్పే పుల్‌పిట్ ఎక్కాడు. నేను అడిగితే సంఘ పెద్ద నవ్వుతూ అన్నాడు, “నువ్వు సాక్ష్యం చెప్పమ్మా. ప్రసంగం వద్దు. కిందే నిలబడి చెప్పు, సరేనా?” మైకు కూడా చేతి మైకు ఇచ్చారు, స్టాండు మైకు పుల్‌పిట్ దగ్గర ఉంటుంది కాబట్టి. ముందు వరసల నిండా ఆడవాళ్లే. చందా పట్టేది ఆడవాళ్లు, ఉపవాస ప్రార్థనకు వచ్చేది ఆడవాళ్లు, గుడి ఊడ్చేది ఆడవాళ్లు. మూడు మెట్లు ఎక్కడానికి మాత్రం లేదు.

సరే, కిందే నిలబడ్డాను. “నా సాక్ష్యం ఏమిటంటే” అని మొదలుపెట్టి, సమాధి దగ్గరకు వెళ్లిన ఆడవాళ్ల కథ ఇరవై నిమిషాలు చెప్పాను. క్రీస్తు లేచాడన్న సంగతికి మొదటి సాక్షులు వాళ్లే కదా, అందుకని సాక్ష్యమన్న మాట నాకు చిన్నదిగా కనిపించలేదు. కొంగుతో కళ్లు తుడుచుకున్నవాళ్లున్నారు. అయిపోయాక ఒక ముసలమ్మ నా చెయ్యి పట్టుకుని “మంచి ప్రసంగం చేశావు బిడ్డా” అంది. సంఘ పెద్ద పక్కనే ఉన్నాడు. “సాక్ష్యమమ్మా, సాక్ష్యం” అని సరిదిద్దాడు. నాకు నవ్వాగలేదు. బస్సులో కూర్చున్నాక మాత్రం ఏడ్చాను.

అన్నిచోట్లా ఇలాగే ఉందనుకోకండి. దక్షిణ ఇండియా సంఘం ఎప్పటి నుంచో స్త్రీలకు పాస్టర్లుగా అభిషేకమిస్తోంది. 2013లో మన నంద్యాల డయోసిస్‌కు పుష్పలలితగారు బిషప్ అయ్యారు. ఆ సంఘంలో మొదటి మహిళా బిషప్ తెలుగు గడ్డ మీదే. అలాంటప్పుడు మూడు మెట్లు ఎంతలే అనుకుంటాను.

సంఘ చరిత్ర క్లాసులో మా ఊరి పక్క సంగతే పాఠంగా వచ్చింది. 1878 జులై 3. గుండ్లకమ్మ ఏరు, వెల్లంపల్లి దగ్గర. ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం. మా నాయనమ్మ పుట్టింటివాళ్ల పూర్వీకులు ఆ నీళ్లల్లో దిగినవాళ్లేనని ఇంట్లో చెప్పుకుంటారు. స్కూల్లో నన్ను “కూటికోసం మతం మారినోళ్లు” అన్నవాళ్లున్నారు. జవాబు తెలియక తల వంచుకునేదాన్ని. పాఠంలో ఏముందంటే, 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వించే కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. కానీ కరువు పని నడిచినన్నాళ్లూ బాప్తిస్మం ఇవ్వనన్నాడు. కూటికోసం వచ్చారన్న మాట పడకూడదని! కూలి పని అయిపోయి, ఇక ఇచ్చేది ఏమీ లేనప్పుడు వచ్చినవాళ్లు వాళ్లంతా. అప్పటికి పన్నెండేళ్ల ముందే, 1866లో, తోళ్ల వ్యాపారి ఎర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మం తీసుకుని ఊరూరా తిరిగి చెప్పారు. దొరల ఉద్యమం అనుకున్నాను, చూస్తే చెప్పులు కుట్టే చేతుల ఉద్యమం. ఆ మాదిగల కథల్ని క్లౌ భార్య ఎమ్మా 1899లో పుస్తకంగా రాసింది. మా లైబ్రరీలో ఆ పుస్తకం పట్టుకుని, స్కూల్లో వంచిన తల ఎత్తుకున్నాను.

తల ఎత్తుకుంటే కనిపించేవన్నీ గొప్పలే కాదు. 1981లో అరవింద్ నిర్మల్ అనే ఆచార్యుడు బెంగళూరులో చేసిన ప్రసంగంతో దళిత దైవశాస్త్రం మొదలైందని చెప్తారు. ఆయన అడిగింది సూటి ప్రశ్న: దేశంలో క్రైస్తవుల్లో ఎక్కువ మంది దళితులైతే, మన దైవశాస్త్రం పైకులాల తత్త్వంతోనే ఎందుకు మాట్లాడుతోంది? అది చదివిన రోజు మా ఊరి చర్చిలో ఎవరు ఏ వైపు కూర్చుంటారో గుర్తొచ్చింది. నా కుల ధ్రువపత్రం గుర్తొచ్చింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకు ఎస్సీ హోదా లేదు, అందుకని మన రాష్ట్రంలో మేం బీసీ-సి. ఊళ్లో పిలిచేటప్పుడు పాత పేరే, కాగితం మీద కొత్త అక్షరం. ఇదీ దేవుడి గురించిన చదువులో భాగమేనని ఎవరైనా ముందే చెప్పి ఉంటే నేను ఇంకా ముందే చేరేదాన్ని.

చివరిగా ఒక్కటి, దీన్ని నవ్వుతూ చెప్పలేను. మూడో సంవత్సరం మమ్మల్ని ఒక ఆసుపత్రికి పంపారు, రోగుల దగ్గర కూర్చోవడానికి. అంతకు వారం ముందే, మంచివాడైన దేవుడుండగా బాధ ఎందుకు అన్న ప్రశ్న మీద పరీక్ష రాశాను. నాకే ఎక్కువ మార్కులు. వార్డులో ఒక తల్లి, ఆరేళ్ల బిడ్డ అంతకు గంట ముందే పోయాడు. నా మెడలో సిలువ చూసి, “ఎందుకు తీసుకుపోయాడమ్మా, నువ్వు చదువుకున్నావంట కదా, చెప్పు” అంది. నా దగ్గర పరీక్షలో రాసిన ఆగస్టీను ఉన్నాడు, ఇంకా ఎవరెవరో పండితులు ఉన్నారు. ఒక్కరూ నోట్లోకి రాలేదు. ఆవిడ పక్కన నేల మీద కూర్చున్నాను. ఆవిడ నా భుజం మీద తల పెట్టింది. ఎంతసేపో తెలీదు. యోబు కథలో స్నేహితులు వచ్చి ఏడు రోజులు నేల మీద మౌనంగా కూర్చున్నారు. నోరు విప్పాకే పాడుచేశారు. ఆ మాట క్లాసులో రాసుకున్నాను, వార్డులో అర్థమైంది. తిరిగొచ్చి సారుతో చెప్తే, “ఆ రోజు నువ్వు పరీక్ష పాసయ్యావు” అన్నారు. పాసయ్యానో లేదో ఆ తల్లికే తెలియాలి.

మళ్లీ పెళ్లి దగ్గరకు వద్దాం. భోజనాలకు ముందు చర్చిలో అయ్యగారు ఆదికాండం రెండో అధ్యాయమే తీశారు. సహాయం మీద మొదలుపెట్టారు. నేను నాయనమ్మ పక్కనే కూర్చున్నాను. ఆవిడ ఒళ్లో గలీబు బైబిలు తెరిచి, వేలు పెట్టి వెతుకుతోంది. సెలవుల్లో నేను ‘సాటి’ గురించి చెప్పిన మాట ఆవిడ మరిచిపోలేదు. ప్రసంగం అయ్యేదాకా గమ్మున కూర్చుంది. బయటకొచ్చి, అయ్యగారు చెప్పులు వేసుకుంటుంటే దగ్గరికెళ్లింది. “అయ్యగారూ, నాకు చూపు సరిగా ఆనటం లేదు. ఈడ సాయం అనే మాటకి ముందు ఇంకో మాట ఉందే, అదేందో చదివి పెట్టండి” అంది.

ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చదివారు. “సాటి అని ఉందమ్మా.”

“ఉంది గదా! మల్లీ పెళ్లికి అది గూడా చెప్పండయ్యా” అంది నాయనమ్మ. ఆయన మంచాయన. సిగ్గుపడి నవ్వి, “చెప్తానమ్మా” అన్నారు.

ఇదమ్మా నా బీడీ చదువు. మీ ఇంట్లో తెలుగు బైబిలుంటే ఆదికాండం 2వ అధ్యాయం 18వ వచనం తీసి చూడండి. లేకపోతే మీ ఇంట్లో మీరు దణ్ణం పెట్టే పుస్తకం ఏదుందో అదే తియ్యండి, ఏ మతానిదైనా. మీకు ఎవరూ చదివి వినిపించని మాట ఒకటి అందులో ఉంటుంది. వేలు పెట్టి, కూడబలుక్కుని, మీరే చదవండి. మీ అమ్మాయి ఈ చదువు చదువుతానంటే అన్నం మానెయ్యకండి. మా అమ్మ ఇప్పుడు తింటోంది, అడిగినవాళ్లకు “మా అమ్మాయి పాస్టరు” అని కూడా చెప్తోంది.